అమెరికా పాస్‌పోర్టుతో హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటున్నారా? అడ్వాన్స్ కంటే ముందు పాన్ సంగతి చూసుకోండి

కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో ఫ్లాట్ నచ్చింది. బుకింగ్ ఫారం ముందు పెట్టారు. పాన్ గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. "మాది ఇప్పుడు అమెరికా పాస్‌పోర్టు, ఆధార్ లేదు, మాకు పాన్ ఇస్తారా?" అని అడిగేవాళ్లు ఎంతమందో. ఇస్తారు. ఆధార్ అక్కర్లేదు, దాని కోసం ఇండియా రానక్కర్లేదు, ఎవరికీ పైడబ్బులు ఇవ్వక్కర్లేదు. కానీ పేరు ఒక్క అక్షరం తేడా పడ్డా, పాత పాన్ ఒకటి మరుగున పడి ఉన్నా, ఆ చిక్కు బ్యాంకు దగ్గరో, టీడీఎస్ (డబ్బు కట్టేటప్పుడే కోసే పన్ను) దగ్గరో, రిజిస్ట్రేషన్ రోజునో బయటపడుతుంది. అప్పటికి మీ డబ్బు బిల్డర్ చేతిలో ఉంటుంది.

అందుకే నా మాట ఒక్కటే. ఫ్లాట్ వెతకడం మొదలుపెట్టిన రోజే పాన్ పని కూడా మొదలుపెట్టండి. "టోకెన్ ఇచ్చేయండి సార్, పాన్ తర్వాత చూసుకుందాం" అని బ్రోకర్ అంటే ఒప్పుకోకండి. తొందర ఆయనది, ఇబ్బంది మీది.

ఇది ఎవరి కోసం

విదేశీ పౌరసత్వం తీసుకుని, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్న తెలుగువాళ్ల కోసం. అమెరికా అని రాసినా బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులకూ దారి ఇదే. మీ దగ్గర ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, గ్రీన్‌కార్డు మీదో హెచ్-1బీ మీదో ఉంటే మీరు ఎన్ఆర్ఐ. పాన్ దరఖాస్తులో మీరు భారత పౌరుల ఫారమే వాడాలి. మిగతా విషయాలు చాలావరకు మీకూ పనికొస్తాయి.

ఓసీఐ ఉన్నవాళ్లు ఇల్లు, ఫ్లాట్, ఆఫీసు స్థలం, షాపు కొనుక్కోవచ్చు. ఎన్ని కొనాలన్నదానికి పరిమితి లేదు. వ్యవసాయ భూమి, తోట భూమి, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. ఇది ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం నియమం. శంకర్‌పల్లి, మొయినాబాద్, షాద్‌నగర్ వైపు "పది గుంటల ఫామ్ ప్లాట్, పాస్‌బుక్ కూడా ఇప్పిస్తాం" అని చూపిస్తారు చూడండి, పాస్‌బుక్ వస్తుందంటేనే అది వ్యవసాయ భూమి అని అర్థం. పాన్ ఉన్నా, డబ్బు తెల్లదే అయినా అది మీరు కొనడానికి లేదు. వారసత్వంగా వచ్చేది వేరే సంగతి.

మీ జీవిత భాగస్వామి భారత మూలాలు లేని విదేశీయులైతే, ఓసీఐ కూడా లేకపోతే, మీతో కలిసి జాయింట్‌గా ఒక్క ఆస్తి కొనవచ్చు. పెళ్లి రిజిస్టరై, కొనే నాటికి కనీసం రెండేళ్లు పూర్తయి ఉండాలి. వాళ్లకూ విడిగా పాన్ కావాలి.

కావాల్సినవి

- ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న విదేశీ పాస్‌పోర్టు కాపీ
- ఓసీఐ కార్డు కాపీ. కార్డు మీద పాత పాస్‌పోర్టు నంబరు ఉంటే ఆ పాత పాస్‌పోర్టు కాపీ కూడా పక్కన పెట్టుకోండి
- రద్దయిన ఇండియన్ పాస్‌పోర్టు కాపీ. పాన్ ఫారానికి కాకపోయినా పేరు తేడా వచ్చినచోట ఇదే ఆదుకుంటుంది
- విదేశంలోని చిరునామాకు రుజువు
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 2 ఫొటోలు, 3.5 x 2.5 సెంటీమీటర్ల సైజు
- పేరు మారి ఉంటే దాని కాగితం: పెళ్లి సర్టిఫికెట్, కోర్టు ఉత్తర్వు, లేదా పేరు మార్పు రాసి ఉన్న నేచురలైజేషన్ సర్టిఫికెట్
- మీరు రోజూ చూసే ఈమెయిల్. ఇ-పాన్ వచ్చేది అందులోకే

రుజువులుగా పాస్‌పోర్టు, ఓసీఐ సరిపోతాయి. వాటి బదులు మీ దేశపు వేరే గుర్తింపు కార్డో, విదేశీ బ్యాంకు స్టేట్‌మెంటో ఇవ్వాలనుకుంటే వాటికి అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) గానీ, ఇండియన్ కాన్సులేట్ ధ్రువీకరణ గానీ కావాలి. ఆ తిరుగుడంతా ఎందుకు? పాస్‌పోర్టు, ఓసీఐ ఇచ్చేయండి.

1. పాత పాన్ ఉందేమో వెతకండి

అమెరికా వెళ్లకముందు మాదాపూర్‌లోనో బేగంపేటలోనో ఏడాది ఉద్యోగం చేసినా మీకు పాన్ ఉండే ఉంటుంది. చాలామందికి అది గుర్తే ఉండదు. పాత ఫారం 16, జీతం స్లిప్పులు, ఎల్ఐసీ పాలసీ, డీమ్యాట్ ఖాతా, అప్పటి బ్యాంకు కేవైసీ కాగితాలు తిరగేయండి. ఇంట్లో అమ్మానాన్నలను బీరువాలోని ఫైలు ఒకసారి చూడమనండి.

పౌరసత్వం మారినంత మాత్రాన పాన్ మారదు. ఒక మనిషికి జీవితాంతం ఒకటే నంబరు. పాతది ఉండగా కొత్తది తీసుకుంటే రూ.10,000 జరిమానా పడవచ్చు. పాతది దొరికితే కొత్తగా దరఖాస్తు పెట్టకండి. "పాన్ వివరాల్లో మార్పులు, సవరణలు" అనే ఫారంతో పేరు, చిరునామా మార్పించుకోండి. పౌరసత్వం మారిన సంగతి, ఇప్పుడు మీరు నాన్ రెసిడెంట్ అన్న సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయండి. ఇప్పటికే రెండు పాన్‌లు ఉంటే ఒకటి సరెండర్ చేయాలి. బ్యాంకులో, పాత రిటర్నుల్లో వాడినదాన్నే ఉంచుకోవడం మంచిది.

పాత పాన్ విషయంలో ఇంకో చిక్కుంది. ఆధార్‌తో లింకు చేయని పాన్‌లు 2023 జులై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. భారత పౌరులు కానివాళ్లకు, నాన్ రెసిడెంట్లకు ఈ లింకు నుంచి మినహాయింపు ఉంది. కానీ మీరు నాన్ రెసిడెంట్ అని శాఖ రికార్డులో లేకపోతే కంప్యూటర్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మిగతావాటితో పాటు మీ పాన్ కూడా నిద్రపోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో "వెరిఫై పాన్ స్టేటస్" అనే చోట నంబరు, పేరు, పుట్టినతేదీ ఇచ్చి చూడండి. "ఇనాపరేటివ్" అని వస్తే మీ పన్ను ఫైలు చూసే అసెసింగ్ ఆఫీసర్‌కు (ఏఓ) పాస్‌పోర్టు, ఓసీఐ, విదేశంలో ఉన్నట్టు చూపే కాగితాలు జతచేసి వినతి పంపాలి. ఆ ఆఫీసర్ ఎవరో అదే పోర్టల్‌లో "నో యువర్ ఏఓ" దగ్గర తెలుస్తుంది. దీనికి కొన్ని వారాలు పట్టవచ్చు. ముందే మొదలుపెట్టమన్నది ఇందుకే.

ఈ లింకు కోసమని ఆధార్ తీయించే ప్రయత్నం చేయకండి. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులో అంతకంటే ఎక్కువో ఇండియాలో ఉన్న ఓసీఐలకే ఆధార్ ఇస్తారు. పాత ఆధార్ ఉంది కదా అని "పది నిమిషాల్లో ఇ-పాన్" వైపూ వెళ్లకండి. అది భారత పౌరుల దారి. అలా తీసుకుంటే మీ పౌరసత్వం రికార్డులో తప్పుగా పడుతుంది.

2. సరైన ఫారం ఎంచుకోండి

భారత పౌరులకు ఒక ఫారం, విదేశీ పౌరులకు ఇంకో ఫారం. ఏళ్లుగా అందరికీ తెలిసిన పేర్లు 49ఏ, 49ఏఏ. మీది రెండోది. ఓసీఐ ఉన్నా మీరు విదేశీ పౌరులే, ఈ విషయంలో తికమక వద్దు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారతాయి. పాత వీడియోల్లో చెప్పిన నంబరు పట్టుకుని వెతక్కండి. ఫారం పైన "భారత పౌరులు కాని వ్యక్తులు" అని రాసి ఉందో లేదో చూసి ఎంచుకోండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో తీసుకునేది ప్రొటీన్, యూటీఐఐటీఎస్ఎల్ అనే రెండు సంస్థలు. మొదటిదాని పాత పేరు ఎన్ఎస్‌డీఎల్. రెండింట్లో ఏదైనా ఒకటే, కానీ ఒకచోటే పెట్టండి. ఇక్కడ ఆలస్యమైందని అక్కడ కూడా పెడితే రెండు నంబర్లు వచ్చే ప్రమాదం ఉంది. కార్డు విదేశానికి పంపమంటే ఫీజు సుమారు వెయ్యి రూపాయలు. ఇండియా చిరునామాకైతే వంద చిల్లర.

3. పేరు: తప్పులన్నీ ఇక్కడే

ఈ ఒక్క అడుగు నింపాదిగా వేయండి.

మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది. ఇండియన్ పాస్‌పోర్టు తీసేటప్పుడు కొందరికి మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో పడి, సర్‌నేమ్ ఖాళీగా మిగిలింది. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద ముందు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ, అంటే "ముందు పేరు తెలియదు" అని వచ్చింది. తర్వాత పౌరసత్వం తీసుకునేటప్పుడు పేరు సరిచేసుకున్నారు. ఇలా ఒకే మనిషికి మెమోలో ఒక పేరు, పాత పాస్‌పోర్టులో ఒక పేరు, కొత్త పాస్‌పోర్టులో ఇంకో పేరు.

పాన్ ఫారంలో వేయాల్సింది ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టులోని పేరు. సర్‌నేమ్ గడిలో ఏముందో అదే చివరి పేరు గడిలో. గివెన్ నేమ్స్‌లో ఉన్నది మొదటి, మధ్య పేర్ల గడుల్లో. పొడి అక్షరాలు ఒప్పుకోరు, మొత్తం పేరు విప్పి రాయాలి. ఇంట్లో పిలిచే వరుసలో రాయకండి.

ఉదాహరణకు పాస్‌పోర్టులో సర్‌నేమ్ కొల్లి, గివెన్ నేమ్స్ రవి కుమార్ అనుకుందాం. ఫారంలో చివరి పేరు కొల్లి, మొదటి పేరు రవి, మధ్య పేరు కుమార్. చివరి పేరు గడిలో పొరపాటున కుమార్ అని రాస్తే కార్డు మీద పేరు అటూ ఇటూగా సరిగ్గానే కనిపించవచ్చు. కానీ బ్యాంకు కంప్యూటర్, టీడీఎస్ కంప్యూటర్ చివరి పేరును విడిగా పోల్చే చోట "పేరు కలవలేదు" అని వెనక్కి కొడతాయి.

పాత పేర్లు వేరేగా ఉంటే "ఇంతకుముందు వేరే పేరు ఉందా" అనే గడిలో అవును అని పెట్టి ఆ పేరు రాయండి. దాచాల్సిన అవసరం లేదు. రేపు నాన్నగారి నుంచి ఆస్తి రావాల్సి వచ్చినా, పాత పేరుతో ఉన్న డిపాజిట్ తీయాల్సి వచ్చినా ఆ రాత పనికొస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పాన్ పుట్టింటి పేరుతో, పాస్‌పోర్టు అత్తింటి పేరుతో ఉంటే, జాయింట్ రిజిస్ట్రేషన్‌కు ముందే పాన్‌లో పేరు మార్పించండి. సేల్ డీడ్‌లో రెండు పేర్లూ "అలియాస్" అని రాసి సర్దేద్దాం అనే సలహా వినిపిస్తుంది. ఆ రోజుకు గట్టెక్కుతారేమో గానీ, అమ్మే రోజున మళ్లీ అదే గొడవ.

4. తేదీ, చిరునామా, ఏఓ కోడ్

పుట్టినతేదీ ఇక్కడ రోజు, నెల, ఏడాది వరుసలో రాయాలి. అమెరికాలో ఏళ్ల తరబడి నెల ముందు రాసిన చేయి అలవాటుగా అదే రాసేస్తుంది. 04/07 అంటే అక్కడ ఏప్రిల్ 7, ఇక్కడ జులై 4. 12వ తేదీ దాటిన పుట్టినరోజైతే వెబ్‌సైటే పట్టుకుంటుంది, లోపల ఉంటే ఎవరూ పట్టుకోరు. సబ్‌మిట్ నొక్కే ముందు ఇంకొకరిచేత చదివించండి. మెమోలో ఒక తేదీ, పాస్‌పోర్టులో ఇంకో తేదీ ఉన్నవాళ్లు పాస్‌పోర్టు తేదీనే వేయాలి.

చిరునామాగా విదేశీ అడ్రసే ఇవ్వడం తేలిక. హైదరాబాద్ చిరునామా పెడితే దానికి రుజువు మీ పేరు మీదే ఉండాలి. ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదన దాచుకునే ఇండియా ఖాతా) స్టేట్‌మెంట్ ఆ చిరునామాతో ఉంటే వాడుకోవచ్చు. నాన్నగారి పేరు మీదున్న కరెంటు బిల్లు పనికిరాదు.

ఏఓ కోడ్ గడి చూసి చాలామంది కంగారు పడతారు. మీ ఫైలు ఏ పన్ను ఆఫీసు కిందికి వెళ్లాలో చెప్పే కోడ్ అది. నాన్ రెసిడెంట్లు, విదేశీ పౌరులు ఇంటర్నేషనల్ ట్యాక్సేషన్ విభాగం కిందికి వస్తారు. కోడ్‌ల జాబితాలో హైదరాబాద్ నగరం కింద ఆ విభాగం పేరున్న కోడ్ వెతికి ఎంచుకోండి. కూకట్‌పల్లిలో ఉండే మీ తమ్ముడి కోడ్ చూసి వేసుకోకండి, అది మామూలు వార్డు.

ఇండియాలో "ఏజెంటు లేదా రెప్రజెంటేటివ్ అసెస్సీ" అని ఒక గడి ఉంటుంది. ఉత్తరాలు అందుకుంటారని అక్కడ అమ్మ పేరో నాన్న పేరో రాసేస్తుంటారు. పన్ను విషయాల్లో చట్టప్రకారం మీ తరఫున బాధ్యుడయ్యే వ్యక్తి కోసం ఉన్న గడి అది. మీ సీఏ చెబితే తప్ప ముట్టుకోకండి. 49ఏఏలో విదేశీ మదుపు సంస్థల కోసం ఉన్న కేవైసీ భాగం కూడా ఇల్లు కొనేవాళ్లకు సంబంధం లేనిది.

5. సంతకం, పంపడం

కాగితాల దారిలో వెళితే ఫారం ప్రింటు తీసి ఫొటోలు అంటించాలి. పిన్ను కొట్టకూడదు. ఎడమవైపు ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేలా సంతకం, ముఖం మీద గీత పడకుండా. కుడివైపు ఫొటో కింద ఉన్న గడిలో ఇంకో సంతకం, గీత దాటకుండా. బ్యాంకులో ఉన్న సంతకమే ఇక్కడా చేయండి. అమెరికాలో ఇంగ్లిష్‌లో, ఇక్కడ పాత ఖాతాలో తెలుగులో సంతకం చేసే పెద్దవాళ్లుంటారు. ఇకమీదట ఏది వాడతారో ముందే తేల్చుకోండి.

జతచేసే ప్రతి కాపీ మీద మీ సంతకం ఉండాలి. ప్రొటీన్ ద్వారా పెడితే ఈ కట్ట పుణెలోని వాళ్ల ఆఫీసుకు 15 రోజుల్లోపు చేరాలి. కవరు మీద అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాయండి. ఆ నంబరుతోనే స్టేటస్ చూసుకోవచ్చు. "అండర్ అబ్జక్షన్" అని వస్తే ఏదో కాగితం సరిపోలేదని. మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టకండి, అడిగిన కాగితం మాత్రం పంపండి.

6. వచ్చిన పాన్ సరిగ్గా ఉందో లేదో చూడండి

ముందు ఇ-పాన్ పీడీఎఫ్ ఈమెయిల్‌కు వస్తుంది. పాస్‌వర్డ్ మీ పుట్టినతేదీ, రోజు-నెల-ఏడాది వరుసలో ఎనిమిది అంకెలు. మీరనుకున్న తేదీతో ఫైలు తెరుచుకోకుండా రోజు, నెల తారుమారు చేస్తే తెరుచుకుందా? దరఖాస్తులో తేదీ తప్పు పడిందన్నమాట.

ఇక నంబరు. మొత్తం పది: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం పీ ఉండాలి, అంటే వ్యక్తి అని. ఐదో అక్షరం మీ చివరి పేరులో మొదటి ఇంగ్లిష్ అక్షరం. ఇందాకటి ఉదాహరణలో చివరి పేరు కొల్లి, కాబట్టి అక్కడ కె రావాలి. రవి కుమార్‌లోని ఆర్ కనిపిస్తే గడులు తారుమారయ్యాయి. కుమార్ చివర పడినా కె వస్తుంది కాబట్టి ఈ ఒక్క గుర్తు చూసి ఊరుకోకండి. పోర్టల్‌లో పేరు విడివిడిగా కొట్టి కూడా సరిచూసుకోండి. అన్నట్టు, పెళ్లి తర్వాత పేరు మార్పించుకున్న పాత పాన్‌లో ఐదో అక్షరం పాత ఇంటిపేరుదే ఉంటుంది. నంబరు మారదు కాబట్టి అది తప్పు కాదు.

తప్పు కనిపిస్తే వెంటనే సవరణ ఫారం పెట్టండి. "ఒక్క అక్షరమే కదా" అని వదిలేయకండి.

7. బ్యాంకు ఖాతాకు పాన్ కలపండి, డబ్బు సరైన దారిలో పంపండి

ఆస్తి డబ్బు మూడు దారుల్లోనే రావాలి: విదేశం నుంచి నేరుగా బ్యాంకు ద్వారా, లేదా మీ ఎన్ఆర్ఈ, ఎఫ్‌సీఎన్ఆర్ (విదేశీ కరెన్సీ డిపాజిట్) ఖాతాల నుంచి, లేదా ఎన్ఆర్ఓ ఖాతా (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునేది) నుంచి. డాలర్ నోట్లు చేతికివ్వడం కుదరదు. అమెరికా వెళ్లకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా ఇంకా నడుస్తుంటే దాన్ని ఎన్ఆర్ఓగా మార్పించండి, మారేవరకు అందులోంచి బిల్డర్‌కు కట్టకండి.

"ముందు నాన్న అకౌంట్ నుంచి అడ్వాన్స్ కట్టేస్తారు, తర్వాత మేం ఆయనకు పంపేస్తాం" అనేది మన ఇళ్లలో మామూలే. వద్దని గట్టిగా చెబుతాను. రేపు ఫ్లాట్ అమ్మి డబ్బు వెనక్కి తీసుకెళ్లేటప్పుడు, కొన్న డబ్బు మీ ఖాతా నుంచి వచ్చినట్టు చూపాలి. విదేశం నుంచి డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే ఇన్‌వర్డ్ రెమిటెన్స్ కాగితాలన్నీ సేల్ డీడ్‌తో పాటు ఒకే ఫైలులో పెట్టండి.

ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకు మీ అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతుంది. అది ఫ్యాట్కా అనే అమెరికా పన్ను చట్టం కింద ఇచ్చే డిక్లరేషన్ కోసం, అనుమానం అక్కర్లేదు. అటువైపు మీ బాధ్యత కూడా ఉంది. ఇండియాతో సహా అన్ని విదేశీ ఖాతాల్లో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక) వేయాలి. ఫ్లాట్ కొనడానికి పంపే డబ్బు ఒక్కరోజు ఖాతాలో ఉన్నా దాటినట్టే.

8. మీరు రాలేకపోతే

స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, ఆ ఒక్క ఫ్లాట్‌కే పరిమితం చేసి. అన్ని అధికారాలు ధారాదత్తం చేసే జనరల్ పవర్ ఇవ్వాల్సిన పనిలేదు. అక్కడ కాన్సులేట్ ధ్రువీకరణతో గానీ, నోటరీ, అపోస్టిల్‌తో గానీ చేయించి పంపితే, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో మీ పేరు పాస్‌పోర్టులో, పాన్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇక్కడ సంతకం పెట్టే వ్యక్తి పాన్, ఆధార్ ఆయన గుర్తింపుకే. కొనేవారి పాన్ గడిలో మీదే వేయించండి. ఇద్దరి పేరు మీద కొంటుంటే ఇద్దరివీ.

9. టీడీఎస్: మీ పాన్‌కు అసలు పరీక్ష

అమ్మేవారు ఇండియాలో ఉండే వ్యక్తి లేదా ఇక్కడి బిల్డర్ కంపెనీ అయి, ధర రూ.50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, ప్రతి చెల్లింపులో 1 శాతం కోసి మీరు ప్రభుత్వానికి కట్టాలి. పార్కింగ్, క్లబ్ మెంబర్‌షిప్ లాంటి చార్జీలు కూడా ఆ ధరలో భాగమే. ఇది ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో ఒకే చలానా-కమ్-ఫారంతో అయిపోతుంది. అందరూ 26క్యూబీ అని పిలిచేది దీన్నే. కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోపు కట్టాలి. దాటితే రోజుకు రూ.200 లేటు ఫీజు, పైగా పన్ను మొత్తం మీద వడ్డీ.

ఇద్దరు కలిసి కొంటే ఎవరి వాటాకు వాళ్లు తమ పాన్‌తో విడిగా కట్టాలి. భార్యాభర్తలు కొంటూ ఒక్కరి పాన్‌తోనే మొత్తం కట్టేయడం బాగా జరిగే తప్పు.

కట్టే ముందు అమ్మేవారి పాన్ పనిచేస్తోందో కూడా చూడండి. వాళ్ల పాన్ ఆధార్‌తో లింకు కాకుండా నిద్రపోతుంటే 1 శాతం కాదు, 20 శాతం కోయాల్సి వస్తుంది. కోయకపోతే నోటీసు వచ్చేది కొన్నవారికి. "ఆధార్ లింకు అయినట్టు స్క్రీన్ చూపించండి" అని అడగడానికి మొహమాటపడకండి.

అమ్మేవారు కూడా ఎన్ఆర్ఐ లేదా ఓసీఐ అయితే కథ మొత్తం వేరు. కొండాపూర్, నల్లగండ్ల వైపు రీసేల్ ఫ్లాట్లలో ఇది తరచూ ఎదురవుతుంది. అప్పుడు 50 లక్షల పరిమితి లేదు, 1 శాతం రేటు లేదు. పన్ను చాలా ఎక్కువ శాతంలో కోయాలి. దాన్ని కట్టడానికి నాన్ రెసిడెంట్‌గా మీకు టాన్ అనే వేరే నంబరు కావాలి. నాలుగు అక్షరాలు, ఐదు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటుంది. అమ్మేవారు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే అందులో రాసిన రేటుకే కోయవచ్చు. ఇక్కడ మాత్రం సొంతంగా చేయకండి, ఎన్ఆర్ఐ లావాదేవీలు చూసే సీఏను పెట్టుకోండి. ఆయన ఫీజు కంటే ఒక్క నోటీసు ఖరీదు ఎక్కువ.

అమ్మేవారు ఎన్ఆర్ఐయో కాదో ఎలా తెలుస్తుంది? అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి. సేల్ అగ్రిమెంట్‌లో "నేను ఆదాయపు పన్ను చట్టం ప్రకారం రెసిడెంట్" అనే వాక్యం పెట్టించండి. సంతకం పెట్టేది ఆయన కాకుండా పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న మనిషైతే, అసలు యజమాని ఎక్కడున్నారో తేలేవరకు ముందుకు వెళ్లకండి.

10. రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

డాక్యుమెంట్ రైటర్ డ్రాఫ్ట్ పంపగానే నాలుగు చోట్ల చూడండి: మీ పేరు, పాన్, పాస్‌పోర్టు నంబరు, ఓసీఐ నంబరు. ఇంగ్లిష్ అక్షరం ఓ, సున్నా ఒకటి బదులు ఒకటి పడుతుంటాయి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర సంతకాలయ్యాక సరిదిద్దాలంటే రెక్టిఫికేషన్ డీడ్ రాయించాలి, దానికి అమ్మినవాళ్లు మళ్లీ రావాలి.

టీడీఎస్ కట్టాక ట్రేసెస్ అనే టీడీఎస్ వెబ్‌సైట్ నుంచి, అందరూ 16బీ అని పిలిచే సర్టిఫికెట్ దింపి అమ్మినవారికి ఇవ్వండి, ఒక కాపీ మీరు ఉంచుకోండి. తర్వాత ఇ-ఫైలింగ్‌లో లాగిన్ అయి మీ ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన లావాదేవీల జాబితా) తెరవండి. ఫ్లాట్ కొన్నట్టు ఎంట్రీ అందులో కనిపిస్తుంది, కొంచెం ఆలస్యమైనా. మొత్తం, తేదీ సరిపోయాయా చూడండి. జాయింట్‌గా కొన్నప్పుడు మొత్తం ధర ఒక్కరి పాన్ మీదే పడి ఉంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టవచ్చు.

ఇంటికి కూడా ఒక నంబరుంటుంది. మున్సిపల్ ఆస్తి పన్ను నంబరు, పీటీఐఎన్ అంటారు. రీసేల్ ఫ్లాటైతే అది పాత యజమాని పేరు మీదే ఉంటుంది, మ్యుటేషన్ (యజమాని పేరు మార్పు) అయి మీ పేరు ఎక్కిందో లేదో ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూసుకోండి. పాత బకాయిలు కూడా అక్కడే కనిపిస్తాయి. వాటిని రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మేవారిచేత కట్టించండి. కొత్త ఫ్లాటైతే బిల్డర్ అసెస్‌మెంట్ చేయించాక నంబరు వస్తుంది. ఆ నంబరు, కరెంటు మీటరు సర్వీస్ నంబరు మీ పేరు మీదికి మారేవరకు ఇక్కడున్న మనిషికి పని అప్పగించి ఉంచండి.